సరిహద్దు పల్లెలకు పుస్తక కానుకలు: మన ప్రాంత రచయితలు, వారి గ్రంథాలు

మూడేళ్ళ క్రితం సంక్రాంతి సెలవులు ముగిసిన మర్నాడు ఒక పెద్దామె మా పాఠశాల వసారాలోకి వచ్చింది. కొంగుముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన ఒక ఉత్తరాన్ని నా చేతికిచ్చింది. "అయ్యవారూ, మా మనమరాలు రాసిందంట. తెలుగేనంట. అచ్చరాలు మాత్రం తెలుగువి కావు. నువ్వే చదివి చెప్పాల" అన్నది. విప్పి చూశాను. ప్రతి మాటా తెలుగే. అవ్వ చేసిన నువ్వుండల సంగతి, ఎనుము ఈనిందా లేదా అన్న ప్రశ్న, అన్నీ మా పల్లె మాటలే. వ్రాసిన లిపి మాత్రం తమిళం. అవ్వ చిన్ననాట అయిదవ తరగతి వరకు తెలుగులో చదువుకొన్నది. మనమరాలికి తెలుగు మాట వచ్చును గాని తెలుగు అక్షరం రాదు. ఒకే ఇంటిలో, ఒకే భాష మాట్లాడే ఇద్దరి నడుమ ఉత్తరం చదివి పెట్టడానికి మూడవ మనిషి కావలసి వచ్చింది.

తమిళనాడులో 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం తమిళాన్ని ఒకటవ తరగతి నుంచి క్రమంగా తప్పనిసరి చేసింది. 2015–16 నాటికి అది పదవ తరగతికి చేరింది. ఉన్న రాష్ట్రపు భాషను నేర్వడం మన పిల్లలకు అవసరమే, అందులో వాదం లేదు. నేను కూడా రెండు భాషలలోనూ పాఠం చెప్పేవాడినే. అయితే బడి ఇవ్వలేని అక్షరాన్ని ఇల్లు ఇవ్వవలసి ఉన్నది. కర్ణాటక, ఒడిశా, మహారాష్ట్రలలో స్థిరపడిన తెలుగు కుటుంబాల స్థితి కూడా కొద్ది తేడాలతో ఇంతే. ఇంటికి అక్షరం వచ్చే దారులలో మిక్కిలి సులభమైనది పుస్తకాన్ని కానుకగా ఇవ్వడం. ఏ ఇంటికి ఏ పుస్తకం తగునో, మన సరిహద్దు ప్రాంతాల నుంచి ఏ రచనలు వచ్చాయో ఒకచోట కూర్చి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కానుకకు ముందు తెలుసుకోవలసినది

పుస్తకం కొనే ముందు పుచ్చుకొనేవారు ఏ లిపి చదువుతారో అడిగి తెలుసుకోవాలి. సరిహద్దు పల్లెలలో పాఠకులు మూడు రకాలుగా ఉంటారు. తెలుగు ధారాళంగా చదివే పెద్దలు మొదటివారు. మాట వచ్చి, అక్షరం కూడబలుక్కొనేవారు రెండవవారు. మాట మాత్రమే వచ్చినవారు మూడవవారు. మొదటివారికి ఇవ్వవలసిన నవలను మూడవవారికి ఇస్తే అది గూటిలో దేవుని పటం పక్కన చేరి, దుమ్ము పట్టి ఉంటుంది. మూడవవారికి రెండు భాషల బొమ్మల పుస్తకమో, వారు చదవగల భాషలో మన బతుకును చెప్పిన పుస్తకమో ఇవ్వాలి.

రెండవ సంగతి యాస. మనవారిలో చాలామంది "మాది మంచి తెలుగు కాదు" అని సంకోచిస్తారు. తన ఇంటి మాట అచ్చులో కనిపించినప్పుడు ఆ సంకోచం పోతుంది. కనుక తొలి కానుకగా ఆ ప్రాంతపు యాసలో వచ్చిన పుస్తకాన్నే ఎన్నుకోవడం మేలు.

పులికాట్, చిత్తూరు, మొరసునాడు

పులికాట్ సరస్సు ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల నడుమ విస్తరించిన ఉప్పునీటి కయ్య. దేశంలో చిలక తరువాత ఇదే పెద్దది. దీని పాత పేరు ప్రళయకావేరి. ఆ పేరుతోనే స.వెం.రమేశ్ వ్రాసిన 'ప్రళయకావేరి కథలు' సరిహద్దు తెలుగువారి ఇంట ఉండదగిన పుస్తకం. సరస్సు నడుమ దీవుల మీది పల్లెలు, వలస పక్షులు, చేపలు, తిండి, ఆటలు, అవ్వాతాతల మాటలు ఇందులో ఆ నేల భాషలోనే కనబడతాయి. నిఘంటువులలో దొరకని మాటలు ఎన్నో ఉన్నాయి. పెద్దలు బయటకు చదువుతుంటే పిల్లలు వినదగినది.

చిత్తూరు జిల్లా ఒకవైపు తమిళనాడును, మరొకవైపు కర్ణాటకను తాకుతుంది. ఈ సీమ నుంచి వచ్చిన మధురాంతకం రాజారాం వృత్తిరీత్యా ఉపాధ్యాయులు. ఆయన కథల సంపుటికి 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆయన కుమారుడు మధురాంతకం నరేంద్ర వ్రాసిన 'మనోధర్మపరాగం' నవలకు 2022లో అదే పురస్కారం వచ్చింది. దేవదాసీ కుటుంబాల సంగీతాన్నీ, వారి జీవితాల వెనుక ఉన్న వేదననూ చెప్పిన నవల ఇది. కచేరీలు వినే అలవాటున్న ఇంటికి ఇది మంచి కానుక. తండ్రి కథలనూ కొడుకు నవలనూ జంటగా ఇస్తే మరీ బాగుంటుంది.

నామిని సుబ్రహ్మణ్యం నాయుడు వ్రాసిన 'పచ్చనాకు సాక్షిగా', 'సినబ్బ కథలు', 'మిట్టూరోడి కథలు' చిత్తూరు పల్లె మాటను ఉన్నది ఉన్నట్టుగా అచ్చులోకి తెచ్చాయి. చదువు అలవాటు లేని రైతు ఇంటిలో కూడా ఈ పుస్తకాలు ఒక చేతి నుంచి మరొక చేతికి పోవడం నేను చూశాను. కవిత్వం ఇష్టపడే యువకులకు పల్లిపట్టు నాగరాజు వ్రాసిన 'యాలై పూడ్సింది' ఇవ్వవచ్చును. ఈ సంపుటికి 2022లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది.

హోసూరు, కృష్ణగిరి, కోలారు, కుప్పం ప్రాంతాలను కలిపి మొరసునాడు అంటారు. మూడు రాష్ట్రాలుగా చీలిన ఈ నేల ఒకప్పుడు ఒకే నాడు. ఇక్కడి రచయితల కథలు 'మొరసునాడు కథలు' అన్న పేరుతో సంపుటంగా వచ్చాయి. మా ప్రాంతపు పెండ్లిండ్లలో స్టీలు గిన్నెలకు బదులు ఈ పుస్తకం చదివింపుగా ఇచ్చే రోజు రావాలని నా కోరిక.

దక్షిణ తమిళనాడు

కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్ గ్రామంలో తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో పుట్టిన కి. రాజనారాయణన్ తమిళంలో వ్రాశారు. 1976లో వచ్చిన 'గోపల్ల గ్రామం' నవల తెలుగు నేల నుంచి దక్షిణానికి వలస వెళ్ళి, అడవిని నరికి ఊరు కట్టుకొన్న తెలుగు కుటుంబాల కథ. దానికి కొనసాగింపుగా వ్రాసిన 'గోపల్లపురత్తు మక్కళ్' నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. కరిసల్ నేల మాటలకు ఆయన నిఘంటువు కూడా కూర్చారు. 2021లో పుదుచ్చేరిలో కన్నుమూశారు.

తమిళం మాత్రమే చదవగల మన యువతీయువకులకు ఈ నవల తమిళంలోనే ఇవ్వడం ఉత్తమం. తమ పూర్వులు ఎవరో, ఎందుకు వచ్చారో తమకు తెలిసిన లిపిలో చదివిన తరువాత తెలుగు అక్షరం మీద ఆసక్తి దానంతట అదే పుడుతుంది. మన కథ చెప్పినది ఏ భాషలో ఉన్నా అది మన ఇంటి పుస్తకమే.

బళ్ళారి, ఆదోని, అనంతపురం

బళ్ళారి తెలుగు నాటకానికి పుట్టినిల్లు వంటిది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు ఇక్కడే నాటకాలు వ్రాసి ఆడించారు. బళ్ళారి రాఘవ ఇక్కడి నుంచే దేశమంతా పేరు పొందారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. ఆనాటి నాటకాల పాత ప్రతులు అంగళ్ళలో దొరకడం అరుదు. ఎవరి ఇంటి అటకమీదనైనా ఉంటే పారవేయవద్దని పాఠకులకు నా మనవి.

నేటి రచనలలో బండి నారాయణస్వామి వ్రాసిన 'శప్తభూమి' ముఖ్యమైనది. పద్దెనిమిదవ శతాబ్దపు అనంతపురం సీమను, హండే పాలకుల కాలాన్ని చిత్రించిన ఈ నవలకు 2019లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. కరువు నేల చరిత్రను తెలుసుకోగోరేవారికి తగిన కానుక.

కన్నడం నుంచి తెలుగులోకి వచ్చినవానిలో వసుధేంద్ర నవల 'తేజో తుంగభద్ర' చెప్పుకోదగినది. ఒకవైపు లిస్బన్‌లోని తేజో నది, మరొకవైపు విజయనగరపు తుంగభద్ర, ఈ రెండింటి ఒడ్డున సాగే కథ. దీనిని తెలుగు చేసినవారు ఆదోనికి చెందిన రంగనాథ రామచంద్రరావు. ఆయనకు అనువాదానికి గాను 2020 సాహిత్య అకాడమీ పురస్కారం 'ఓం ణమో' గ్రంథానికి వచ్చింది. ఒకే నవలను తల్లిదండ్రులకు తెలుగులోనూ పిల్లలకు కన్నడంలోనూ కొని ఇస్తే, రాత్రి భోజనాల వేళ ఇల్లంతా ఒకే కథ గురించి మాట్లాడుకోవచ్చును.

ఒడిశా సరిహద్దు

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి అందులో చేరింది. వ్యావహారిక భాషోద్యమ పితామహుడు గిడుగు రామమూర్తి ఉపాధ్యాయుడుగా పనిచేసినది ఆ ఊరిలోనే. ఆయన సవర భాష నేర్చి, దానికి వాచకాలు, నిఘంటువు సిద్ధం చేశారు. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. పుస్తక కానుకకు అంతకంటె తగిన రోజు లేదు.

బరంపురానికి చెందిన ఉప్పల లక్ష్మణరావు వృక్షశాస్త్రవేత్త. మాస్కోలో ఉండి రష్యన్ పుస్తకాలను తెలుగులోకి అనువదించారు. స్వాతంత్ర్యోద్యమ కాలంలో భార్యాభర్తల దినచర్యల రూపంలో సాగే ఆయన నవల 'అతడు–ఆమె', స్వీయచరిత్ర 'బతుకు పుస్తకం' కొత్తగా పెండ్లయిన చదువరి దంపతులకు ఇవ్వదగినవి.

కోరాపుట్ కొండలలోని కంధుల జీవితంపై గోపీనాథ్ మహంతి వ్రాసిన ఒడియా నవలను పురిపండా అప్పలస్వామి 'అమృత సంతానం' పేరుతో తెలుగు చేశారు. కొండకు ఇవతలి వైపు, పార్వతీపురం ప్రాంతపు గిరిజన జీవితాన్ని లోపలి మనిషిగా చెప్పినవారు మల్లిపురం జగదీశ్. ఆయన కథల సంపుటి 'శిలకోల'. ఈ రెండింటినీ కలిపి చదివితే సరిహద్దు గీత కొండమీద లేదని, పటం మీదనే ఉన్నదని బోధపడుతుంది.

యానాం, మహారాష్ట్ర

గోదావరి ఒడ్డున ఉన్న యానాం 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండి, నేడు పుదుచ్చేరిలో భాగంగా ఉన్నది. చిన్న ఊరే అయినా రచయితలకు కొదువ లేదు. దాట్ల దేవదానం రాజు వ్రాసిన 'యానాం కథలు' ఆ ఊరి మనుషులను పరిచయం చేస్తాయి. బొల్లోజు బాబా వ్రాసిన 'ఫ్రెంచిపాలనలో యానాం' చరిత్ర విద్యార్థులకు ఉపయోగపడుతుంది. కవి శిఖామణి తొలి సంపుటి 'మువ్వల చేతికర్ర' 1987లో వచ్చింది. యానాం బంధువులున్నవారు ఈ మూడింటిని ఒక కట్టగా కట్టి ఇవ్వవచ్చును.

షోలాపూరు, భివండీ మగ్గాల మీదికి తరలిన తెలుగు నేతపని కుటుంబాలకు, ముంబాయి వలస కుటుంబాలకు అంబల్ల జనార్దన్ వ్రాసిన 'బొంబాయి కథలు' దగ్గరగా తోస్తాయి. వలస వచ్చిన తాతల కష్టం ఎరుగని మనుమలకు ఇవి చదివి వినిపించాలి.

పిల్లలకు ఏమి ఇవ్వాలి

పిల్లవాడికి ముందే వచ్చిన లిపిని బట్టి తొలి పుస్తకాన్ని ఎన్నుకోవాలి. ఇది తరగతి గదిలో నేను నేర్చుకొన్న సంగతి. కన్నడ అక్షరాలు వచ్చిన పిల్లలకు తెలుగు లిపి దాదాపు తెలిసినట్టే. తలకట్టు తేడాను, రూపం మారిన కొద్ది అక్షరాలను చూపిస్తే కొద్ది వారాలలోనే చదువుతారు. వారికి నేరుగా చిన్న కథల పుస్తకం ఇవ్వవచ్చును. తమిళ పిల్లలకు క, గ రెండింటికీ ఒకే అక్షరం. ఖ, ఘ వంటి ఒత్తక్షరాలు అసలే లేవు. కనుక వారికి ముందు సరళమైన మాటలున్న బొమ్మల పుస్తకం, తరువాత గుణింతాల పుస్తకం ఇవ్వాలి. ఒడియా, మరాఠీ చదివే పిల్లలకు వర్ణమాల క్రమం తెలిసినదే. అయితే ఎ, ఏ తేడా, ఒ, ఓ తేడా వారికి కొత్త. ఆ మాటలు తరచుగా వచ్చే పుస్తకం చూడాలి.

ఈ రెండు భాషల పద్ధతి మనకు కొత్త కాదు. 1947 జూలైలో మద్రాసు నుంచి 'చందమామ' తెలుగులోనూ, 'అంబులిమామ' తమిళంలోనూ ఒకేసారి మొదలయ్యాయి. మా ఇంట రెండూ వచ్చేవి. ఒకదానిలో అర్థం కాని మాటను మరొకదానిలో వెదకుకొనేవాళ్ళం. ఆ పత్రిక నేడు రావడం లేదు గాని, ఆ దారి మూసుకుపోలేదు. చెన్నైలోని తూలిక ప్రచురణ సంస్థ బొమ్మల పుస్తకాలను తెలుగు, తమిళం, కన్నడం మొదలైన పలు భాషలలో ప్రచురిస్తున్నది. బెంగళూరులోని ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన 'స్టోరీవీవర్' అనే అంతర్జాల వేదికలో ఒకే కథ తెలుగు, కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీలలో ఉచితంగా దొరుకుతుంది. రెండు భాషల ప్రతులను అచ్చు తీసి, కుట్టి, అట్ట వేసి ఇస్తే ఖర్చు తక్కువ, ప్రయోజనం ఎక్కువ. సికింద్రాబాదులోని 'మంచి పుస్తకం' సంస్థ బాలల పుస్తకాలు కూడా చూడదగినవి.

అక్షరాభ్యాసానికి పలకతో పాటు పెద్దబాలశిక్ష ఇవ్వడం మన పాత ఆచారం. పుదూరు సీతారామశాస్త్రి కూర్చిన బాలశిక్ష 1832లో వచ్చింది. పెద్దబాలశిక్ష దాని నుంచి పెరిగినదే. అయితే లావుపాటి ప్రతి చేతికిచ్చి ఊరుకొంటే పిల్లవాడు బెదురుతాడు. రోజుకు ఒక పుట చొప్పున పక్కన కూర్చుని చెప్పేవారు ఉన్నప్పుడే అది పనికి వస్తుంది.

పుస్తకంతో పాటు

చదివేవారికి పుస్తకం ఒక్కటే కానుక కాదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలకు పుస్తకం నిలబెట్టుకొనే చెక్క వ్యాసపీఠం, చూపు తగ్గినవారికి భూతద్దం లేదా మంచి బల్లదీపం ఎంతో ఉపకరిస్తాయి. పుట గుర్తుకు నెమలి ఈక పెట్టే అలవాటు మనది. దానిని పిల్లలకు నేర్పండి. పురుగు పట్టకుండా ఎండిన వేపాకు పుటల నడుమ పెట్టడం పెద్దలు చెప్పిన ఉపాయం. ఆకు బాగా ఎండి ఉండాలి, లేకపోతే కాగితానికి మరక పడుతుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది మొదటి ఖాళీ పుటలో వ్రాసే మాట. ఎవరికి, ఎవరు, ఏ సందర్భంలో, ఏ తేదీన ఇచ్చారో తెలుగు లిపిలో చేతితో వ్రాయండి. తెలుగు చదవడం రాని పిల్లవాడు కూడా ఏదో ఒకనాడు తన పేరును గుర్తుపట్టడానికైనా ఆ పుట తెరుస్తాడు.

ఎక్కడ కొనాలి, ఎలా పంపాలి

విజయవాడ పుస్తక మహోత్సవం సాధారణంగా కొత్త సంవత్సరపు తొలి రోజులలోనూ, హైదరాబాదు పుస్తక ప్రదర్శన డిసెంబరు ప్రాంతంలోనూ జరుగుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో విశాలాంధ్ర, తెలంగాణలో నవచేతన దుకాణాలు, ఎమెస్కో, నవోదయ వంటి సంస్థల వద్ద ప్రాంతీయ రచనలు దొరుకుతాయి. ఏ కథ ఏ సంపుటిలో ఉన్నదో తెలియనప్పుడు శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు 1997లో స్థాపించిన కథానిలయం జాలస్థలిలో వెదకవచ్చును. పెద్ద సంస్థలు వేయని పుస్తకాలను రచయితలే అచ్చు వేసుకొంటారు. అటువంటి పుస్తకాన్ని రచయిత వద్దనే, పూర్తి ధర ఇచ్చి కొనండి. ఉచిత ప్రతి అడగడం మర్యాద కాదు. ఒక ప్రతి అమ్ముడుపోతేనే రెండవ పుస్తకం వస్తుంది.

దూరపు బంధువులకు పంపడానికి తపాలా శాఖ 2025 మే 1 నుంచి 'జ్ఞాన్ పోస్ట్' అనే సేవను ప్రారంభించింది. ప్రారంభించినప్పుడు 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోల వరకు గరిష్ఠంగా 100 రూపాయలు, పన్నులు అదనం అని ధర నిర్ణయించారు. భూమార్గాన పోతుంది కనుక పండుగకు కొంత ముందుగానే వేయాలి. కట్ట ఎక్కడున్నదో తెలుసుకొనే వీలున్నది. పుస్తకంపై ముద్రాపకుని పేరో ప్రచురణకర్త పేరో ఉండాలి. వార, మాస పత్రికలకు ఈ సేవ వర్తించదు. ప్రస్తుత ధరను మీ ఊరి తపాలా కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

ఉత్తరం తెచ్చిన అవ్వ సంగతి చెప్పి ముగిస్తాను. ఆనాడు ఉత్తరం చదివి వినిపించి, ఆమె చేతికి ఒక తెలుగు–తమిళ బొమ్మల పుస్తకం, ఒక పలక ఇచ్చాను. పాఠం చెప్పవలసినది నేను కాదు, నీవే అన్నాను. "నాకేం తెలుసయ్యా, అయిదో క్లాసు" అన్నది. తెలిసినంత చాలునన్నాను. సాయంత్రం పాలు పితికిన తరువాత ఇద్దరూ అరుగు మీద కూర్చునేవారట. అవ్వ తెలుగు వైపు, మనమరాలు తమిళం వైపు చదివేవారట. తరువాతి సంక్రాంతికి ఆ పిల్ల వ్రాసిన ఉత్తరాన్ని అవ్వ మళ్ళీ నా దగ్గరకు తెచ్చింది. ఆరు పంక్తులు. ఒత్తులు నాలుగు చోట్ల తప్పాయి. చదివి పెట్టమని ఈసారి అడగలేదు. చూసి పొమ్మని మాత్రమే తెచ్చింది.